సర్రియలిస్టు బొమ్మను చదవడం – 4వ పాఠం: చీమలు ఏ గడియారం మీదున్నాయి?

ఈసారి బెల్జియం చిత్రకారుడు మాగ్రిట్ దగ్గరికి వెళ్దామనుకున్నాను. ఆయనా, స్పెయిన్ చిత్రకారుడు డాలీ కూడా సర్రియలిస్టులే, అంటే కలలోలాగా పొంతనలేని వస్తువుల్ని కలిపి గీసేవాళ్లు. కానీ డాలీ ‘ది పర్సిస్టెన్స్ ఆఫ్ మెమరీ’లోని గడియారాలు, చీమలు ఏమిటని అడిగితే మీరు పంపిన జవాబులు చూశాక డాలీని వదిలి కదిలేలా లేను. దాదాపు అందరూ ఒకటే రాశారు: గడియారమంటే కాలం, కరిగితే కాలం కరిగిపోతున్నట్టు, చీమలంటే క్రమశిక్షణ. బల్లి ఎక్కడ పడితే ఏ ఫలమో పంచాంగంలో వెతుక్కున్నట్టుంది ఈ పద్ధతి!

1931లో గీసిన ‘ది పర్సిస్టెన్స్ ఆఫ్ మెమరీ’ని మళ్లీ తెరిచి జూమ్ చేయండి. అసలు బొమ్మే 24 సెంటీమీటర్ల ఎత్తు, 33 వెడల్పు, ఎ4 కాగితం కంటే కాస్త పెద్దది అంతే, కాబట్టి మూలమూలా చూడటం కష్టమేం కాదు. మధ్యలో కన్ను మూసుకుని పడున్న ముఖం డాలీదేనని తెలిసిందే, వదిలేద్దాం. గడియారాలు నాలుగు. నాలుగూ కరుగుతున్నాయని రాసినవాళ్లు ఎడమవైపు కింద చూడండి. నారింజ రంగుది బోర్లా పడి ఉంది, గట్టిగా, ఏమాత్రం కరగకుండా. చీమలన్నీ దానిమీదే! మెత్తబడ్డవాటి మీద ఒక్కటీ లేదు, పక్కదాని మీద మాత్రం ఈగ వాలింది.

అంటే పాడైపోయినట్టు కనిపించేవాటిని వదిలేసి గట్టిగా ఉన్నదాన్నే చీమలు పట్టాయి. చిన్నప్పుడు గబ్బిలాన్ని చీమలు కమ్మేయడం చూశానని డాలీయే రాసుకున్నాడు, ఆయన బొమ్మల్లో చీమ వచ్చిందంటే కుళ్లు వచ్చినట్టే. క్రమశిక్షణ మన స్కూలు వాచకంలోని చీమది. అలాగని ‘చీమ = కుళ్లు’ అని నోట్‌బుక్‌లో రాసుకుని కనిపించిన ప్రతి పెయింటింగ్‌కూ అంటించారో, మళ్లీ బల్లి శాస్త్రమే. మాగ్రిట్ అయితే తన వస్తువుల్ని ప్రతీకలంటేనే ఒప్పుకునేవాడు కాదు.

నా షార్ట్‌కట్ ఒకటుంది: ఒకే రకం వస్తువుల్ని లెక్కపెట్టి, వాటిలో తేడాగా ఉన్నదాన్ని పట్టుకోవడం. రంగుల అర్థాల జోలికి నేను చివరిదాకా వెళ్లను.

అభ్యాసం. మాదాపూర్ స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌కి వెళ్లి, లేబుల్ చదవకుండా ఒకే బొమ్మ ముందు ముప్పావుగంట నిలబడి ముప్ఫై వాక్యాలు రాయండి. ‘ప్రతీక’, ‘సూచిస్తుంది’ అన్న మాటలు కనబడితే ఆ పేజీ నేను చదవను. ట్రాఫిక్‌లో అంతదూరం రాలేమంటే ఇంట్లోనే మాగ్రిట్ 1938 బొమ్మ ‘టైమ్ ట్రాన్స్‌ఫిక్స్‌డ్’ తీయండి, చలిమంట గూట్లోంచి రైలింజన్ దూసుకొచ్చేది. అందరూ ఇంజన్‌నే చూస్తారు. మీరు పైన ఉన్న రెండు కొవ్వొత్తి స్టాండ్లు చూసి, అద్దంలో వాటిలో ఎన్ని కనబడుతున్నాయో రాసి పంపండి.