ఇష్టపడ్డ కామిక్ ఒరిజినల్‌కి ఎంత ఇవ్వాలి? ధర తేల్చుకునే పద్ధతి

కామిక్ ఒరిజినల్ అంటే, అచ్చు కోసం చిత్రకారుడు చేత్తో గీసిన అసలు పేజీ. బొమ్మ మీద మనసు పారేసుకున్నాక ధర గురించి ఆలోచిస్తే, బేరమంతా అమ్మేవాళ్లు చెప్పిన అంకె చుట్టూనే తిరుగుతుంది. వాళ్లు నలభై వేలంటే ముప్ఫై ఐదుకి తెచ్చుకుని గెలిచామనుకుంటాం. ఆ పేజీ విలువ పదిహేను వేలే అయ్యుండొచ్చు. అందుకే మీ అంకె మీరు ముందే రాసుకుని వెళ్లాలి.

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, ఫోన్‌లో టార్చి, స్కేలు, నోటు పుస్తకం ఉంటే చాలు.

ముందు అది ఒరిజినలేనా చూడండి. టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేస్తే చెరిపేసిన పెన్సిల్ గీతల గాడులు, దిద్దిన చోట ఉబ్బెత్తుగా ఉన్న తెల్లరంగు సాధారణంగా కనిపిస్తాయి. భూతద్దంలో గీత అంచు చుక్కలుగా విడిపోతే అది ప్రింటే. అమెరికన్ పేజీ అయితే కొలవండి: 1967 ప్రాంతం వరకు బొమ్మ భాగం సుమారు 12.5×18.5 అంగుళాలుండేది, ఆ తర్వాత 10×15కి తగ్గింది. మాటల బుడగలు లేవని కంగారు పడొద్దు, కంప్యూటర్లు వచ్చాక అక్షరాలు అక్కడే పడుతున్నాయి. పెన్సిల్ బొమ్మను లేత నీలంలో ప్రింటు తీసి దాని మీద ఇంకు వేసిన పేజీలూ వస్తాయి. వాటి అడుగున చిత్రకారుడి పెన్సిల్ ఉండదు కాబట్టి ధర తగ్గాలి. మొత్తం ట్యాబ్లెట్ మీద గీసిన కథకైతే కాగితం మీద ఒరిజినలే ఉండదు. ‘ఒకే ఒక్క ప్రింటు’ అని సంతకం పెట్టి ఇచ్చినా అది ప్రింటే.

తర్వాత మార్కెట్ ధర. అదే చిత్రకారుడు, అదే కథ, దగ్గర దగ్గర అదే కాలం, అదే రకం పేజీ: ఈ నాలుగూ కలిసిన మూడు అమ్మకాలు వెతకండి. అమ్మకానికి పెట్టిన ధర కాదు, అమ్ముడైన ధర. పుస్తకం ముఖచిత్రం, ఒకే పెద్ద బొమ్మ నిండిన స్ప్లాష్ పేజీ, ఆరు ప్యానెళ్ల (బొమ్మల గడుల) మామూలు పేజీ వేర్వేరు సరుకులు, వాటిని కలిపి సగటు తీయకూడదు. హీరో వేషంలో ఉన్న పేజీకీ, గదిలో కూర్చుని మాట్లాడుకునే పేజీకీ రెట్టింపు తేడా రావచ్చు. వేలం ధరల్లో కొనేవాళ్లు కట్టే కమిషన్ కలిసి ఉందో లేదో కూడా చూడండి.

2022 జనవరిలో అమెరికాలో ఒక స్పైడర్‌మ్యాన్ పేజీ 33.6 లక్షల డాలర్లకి పోయింది. హీరో నల్ల దుస్తులు ఎలా వచ్చాయో చెప్పే పేజీ అది. ఆ వార్త చూపించి మామూలు పేజీకి ధర పెంచితే ఒప్పుకోకండి.

మన తెలుగు చిత్రకారులకి అమ్మకాల రికార్డు దొరకడం కష్టం. బతికున్న చిత్రకారులైతే, అదే సైజులో ఇంకుతో కొత్త బొమ్మ వేయడానికి ఎంత తీసుకుంటారో అడగండి. అచ్చయిన కథ తాలూకు ఒరిజినల్ పేజీకి ఆ అంకె నుంచే లెక్క మొదలుపెట్టాలి. చదరపు అంగుళానికి ఇంత అనే లెక్క కామిక్స్‌కి పనికిరాదు, చిన్న స్ట్రిప్పు (కొన్ని బొమ్మల వరుస) కూడా ధరలో పెద్ద పేజీని మించిపోవచ్చు. ‘జీతంలో పదో వంతు దాకా పెట్టొచ్చు’ లాంటి సూత్రం మీ స్తోమతే చెబుతుంది, పేజీ విలువ చెప్పదు.

ఇక అసలు చిక్కు: మీ ఇష్టానికి ధర కట్టడం.

ఇష్టం నేరుగా రాదు, పోలికల్లో దూరి వస్తుంది. మీకు నచ్చిన పేజీ మామూలుదే అయినా, ‘ఇది దాదాపు స్ప్లాషే కదా’ అంటూ ఖరీదైన అమ్మకాలనే ఏరుకుంటారు. అందుకని ఆ మూడు అమ్మకాలనూ ఆ కథంటే ఏ మమకారమూ లేని మనిషి చేత ఎంపిక చేయించండి. అది వీలుకాకపోతే మూడింటిలో పెద్దదాన్ని కొట్టేయండి.

మార్కెట్ ధర ఒక గీత మీద రాశాకే, కింద వేరే గీత మీద ఇష్టం ధర రాయండి. రెండూ కలిపి ఒకే అంకెగా ఎప్పుడూ రాయకూడదు. ఇష్టం కోసం ఇచ్చే డబ్బు తిరిగి రాదు. రేపు అవసరపడి అమ్మితే మార్కెట్ ధరే దక్కుతుంది, అదీ దక్కితే. కాబట్టి ఆ రెండో అంకె పోయినా ఇంట్లో ఎవరికీ ఇబ్బంది రాకూడదు. అది మార్కెట్ ధరలో సగం దాటకూడదు. రాసుకున్నాక రెండు రాత్రులు ఆగండి. మూడో రోజు అంకె పెంచాలనిపిస్తే పెంచొద్దు, తగ్గించాలనిపిస్తే తగ్గించండి.

ఒక లెక్క చూద్దాం. మీకు నచ్చిన రకం పేజీలు 15,000, 18,000, 19,000కి పోయాయి. పెద్దది కొట్టేస్తే మిగిలిన రెంటి సగటు 16,500. టేపు మరకకి రెండు వేలు తీస్తే 14,500. ఇష్టానికి ఏడు వేలు. ఇక 21,500 దాటితే లేచి రావాలి.

మరకల విషయంలో మనం సముద్రం ఒడ్డున, విశాఖలో ఉన్నామని మరవకండి. ఇండియన్ ఇంకు ఎండకి వెలిసిపోదు కానీ మార్కర్లు, స్కెచ్ పెన్నుల రంగులు వెలిసిపోతాయి. తీరం పక్కనున్న లాసన్స్ బే వైపు ఇళ్లలో తేమకి కాగితం మీద గోధుమరంగు మచ్చలు త్వరగా లేస్తాయి. ఫ్రేము వెనక మామూలు హార్డ్‌బోర్డు వేస్తే దాని ఆమ్లం కాగితాన్ని పసుపు చేస్తుంది, చెదలూ పడతాయి. ఆమ్లం లేని మౌంటు అట్ట, అతినీలలోహిత కిరణాలు ఆపే అక్రిలిక్ (గాజు బదులు వేసే ప్లాస్టిక్ పలక), బొమ్మకీ అక్రిలిక్‌కీ మధ్య ఖాళీ తప్పనిసరి. ఫ్రేము ఖర్చు పేజీ విలువలో కలవదు, కానీ మీ బడ్జెట్లో కలపాలి.

అమ్మేది చిత్రకారుడే అయితే బేరమాడకండి, మీ అంకెలోపు ఉంటే అడిగింది ఇచ్చేయండి. వ్యాపారి అయితే మార్కెట్ ధర దగ్గర మొదలుపెట్టండి, ఇష్టం గీత బయటపెట్టొద్దు. పత్రికాఫీసు నుంచి వచ్చిన పాత బొమ్మ అయితే ఎలా వచ్చిందో అడిగి, రసీదు మీద రాయించుకోండి. పేజీ కొన్నంత మాత్రాన కాపీరైటు మీది కాదు, దాన్ని అచ్చువేసి అమ్మడానికి వీల్లేదు. 1957 కాపీరైట్ చట్టం 53ఎ సెక్షన్ కింద, పదివేలు దాటిన తిరుగు అమ్మకంలో, కాపీరైటుకి తొలి హక్కుదారైన చిత్రకారుడికీ వారసులకూ పది శాతం మించకుండా వాటా హక్కు ఉంది, ఎప్పుడైనా అమ్మేటప్పుడు అదీ లెక్కలోకి తీసుకోండి. పేజీని గొట్టంలో చుట్టి ఇవ్వనివ్వకండి, ఎండిన తెల్లరంగు పగిలి రాలిపోతుంది. రెండు గట్టి అట్టల మధ్య పెట్టించి, చదునుగా తెచ్చుకోండి.