మొదటి పెయిడ్ రీల్: రేటు చెప్పడం నుంచి డబ్బు అకౌంట్లో పడేదాకా

పది వేల ఫాలోవర్లు దాటిన ఇన్‌స్టాగ్రామ్ పేజీకి ఏ చీరల షాపు నుంచో, బిర్యానీ పాయింట్ నుంచో "ప్రమోషన్‌కి ఎంత తీసుకుంటారు?" అని మెసేజ్ వస్తుంది. చాలామంది అక్కడికక్కడే నోటికొచ్చిన అంకె చెప్పేస్తారు. ముందు మీ లెక్క తేల్చుకోండి.

ఇన్‌స్టాగ్రామ్‌లో మీ పోస్టుల లెక్కలు చూపించే ఇన్‌సైట్స్ తెరిచి చివరి పది రీల్స్ వ్యూస్ రాసుకోండి. అన్నిటికన్నా ఎక్కువ వచ్చినదీ, తక్కువ వచ్చినదీ తీసేసి మిగతా ఎనిమిదికి సగటు కట్టండి. షాపువాళ్లకి చూపించాల్సింది ఆ అంకే. ఎప్పుడో వైరల్ అయిన ఒక్క రీల్ చూపించి రేటు పెంచితే ఆ షాపు మళ్లీ పిలవదు. ఫాలోవర్లు ఏ ఊళ్లవాళ్లో కనిపించే స్క్రీన్‌షాట్ కూడా పంపండి. వరంగల్ షాపుకి వరంగల్ జనం కావాలి. మీవాళ్లలో సగం డాలస్‌లో ఉంటే ముందే చెప్పాలి. విదేశాలకి కొరియర్ చేసే షాపుకైతే అదే లాభం.

రేటుకి కనీస మొత్తం ఒకటి పెట్టుకోండి: షూట్‌కి, ఎడిటింగ్‌కి పట్టే రోజుల కూలి, ప్రయాణ ఖర్చు. దానికి దిగువకి రావద్దు. తర్వాత షరతులు వాట్సాప్‌లోనైనా సరే, రాతలో పెట్టండి. ఉదాహరణకి ఇలా:

"45 సెకన్ల రీల్ ఒకటి, స్టోరీలు రెండు. స్క్రిప్ట్ మీరు ఓకే అన్నాకే షూట్. ఎడిట్ అయ్యాక రెండుసార్లు మార్పులు ఉచితం, ఆపైన ఒక్కోదానికి ₹500. సగం అడ్వాన్స్, మిగతా సగం పోస్ట్ చేసే ముందు. రీల్‌ని మీరు యాడ్‌గా నడుపుకోవాలంటే 30 రోజులకి విడిగా ₹2,000."

అంకెలు మీవి వేసుకోండి, వాక్యాలు మాత్రం ఒక్కటీ వదలొద్దు. స్క్రిప్ట్ ఓకే చేయించకపోతే షూట్ అయ్యాక "ధర చెప్పలేదేంటి" అని మొదటికొస్తారు. మిగతా సగం పోస్ట్ అయ్యాక ఇస్తామన్న మాట నమ్మితే నెలల తరబడి ఫోన్లు చేసుకోవాల్సిందే. యాడ్ హక్కు సంగతి రాయకపోతే మీ మొహం వాళ్ల యాడ్‌లో ఏడాదంతా తిరుగుతుంది, మీకు పైసా రాదు.

ఇక పాట. మన రీల్స్‌కి సినిమా పాట లేనిదే ఊపు రాదు, నిజమే. కానీ యాప్‌లో దొరికే పాటలు సొంత సరదాకి, వ్యాపార ప్రచారానికి కాదు. పాట హక్కుల గొడవతో రీల్ మ్యూట్ అయితే షాపువాళ్లు డబ్బు వెనక్కి అడుగుతారు. ఇన్‌స్టాగ్రామ్ కంపెనీ మెటా ఉచితంగా ఇచ్చే సౌండ్ కలెక్షన్‌లో ఉన్న సంగీతం వాడండి, లేదా మీ గొంతుతోనే నడిపించండి.

ఇది ప్రమోషన్ అని చూపించే పెయిడ్ పార్ట్‌నర్‌షిప్ లేబుల్ తప్పనిసరిగా ఆన్ చేయండి. వీడియో మీద కూడా "ప్రకటన" అని కనిపించాలి. ప్రకటనల ప్రమాణాలు చూసే సంస్థ యాస్కీ (ASCI) నియమాల ప్రకారం 15 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపు వీడియోలో మూడో వంతు సేపు ఉండాలి. అంటే 45 సెకన్ల రీల్‌లో 15 సెకన్లు. డబ్బు కాకుండా చీర ఇచ్చినా ఇదే నియమం. తప్పుదోవ పట్టించే ప్రకటనకి వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారే ₹10 లక్షల దాకా జరిమానా పడొచ్చు.

బెట్టింగ్ యాప్ ఎంత ఇస్తానన్నా ముట్టుకోవద్దు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని ప్రచారం చేస్తే 2025 చట్టం ప్రకారం రెండేళ్ల దాకా జైలు, ₹50 లక్షల దాకా జరిమానా. మీ మాట నమ్మి జీతం పోగొట్టుకునేది మీ ఫాలోవరే. "కొలాబ్‌కి రిజిస్ట్రేషన్ ఫీజు" అడిగేవాళ్లనీ, లింక్ పంపి లాగిన్ అవ్వమనేవాళ్లనీ బ్లాక్ చేయండి.

కంపెనీలు 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసి ఇస్తుంటే పాన్ నంబరు సరిగ్గా ఇవ్వండి. కోసినది ఇన్‌కమ్ ట్యాక్స్ సైట్‌లో మీ పాన్ కింద పడిందో లేదో చూసుకోండి, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది.

పోస్ట్ అయిన ఏడో రోజు వ్యూస్, సేవ్స్, షేర్ల స్క్రీన్‌షాట్ షాపువాళ్లకి వాళ్లు అడగకముందే పంపండి. వాళ్ల దగ్గరికి మీ పేజీ చూసి ఎంతమంది వచ్చారో అడిగి రాసిపెట్టుకోండి. తర్వాతి షాపుకి రేటు చెప్పేటప్పుడు ముందు పెట్టాల్సింది ఆ కాగితమే.