తొలి ముద్రణ అవునో కాదో ధర, చిరునామా చెబుతాయి

పాత కవితా సంపుటిలో ‘ప్రథమ ముద్రణ’ అని కనిపించగానే డబ్బు తీయకండి. తర్వాతి ముద్రణల్లో ఆ పేజీ మార్చకుండానే వేసినవీ ఉంటాయి. ధర, ప్రచురణకర్త చిరునామా, చివరి పేజీలో ప్రకటనలు చూడండి. ‘మహాప్రస్థానం’ తొలిసారి పుస్తకంగా వచ్చింది 1950లో. చేతిలో ఉన్న ప్రతి మీద ధర నయాపైసల్లో ఉందంటే అది 1957 ఏప్రిల్‌కు ముందుది కాదు. చిరునామాలో ‘ఆంధ్రప్రదేశ్’ ఉంటే 1956 నవంబరు తర్వాతిది, ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతిది. అయితే అచ్చయిన అక్షరాలనే లెక్కలోకి తీసుకోవాలి. రబ్బరు స్టాంపు, అంటించిన ధర చీటీ మిగిలిపోయిన పాత ప్రతుల మీద తర్వాత వేసినవీ కావచ్చు. చీటీని గోటితో గీకితే అట్ట చిరుగుతుంది. వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి, చాలాసార్లు కింది అంకె తెలుస్తుంది.