ఉపగ్రహానికి కనిపించే మసక నుంచి నేల మీది పీఎం 2.5 దాకా

ఉపగ్రహం పీఎం 2.5ను, అంటే గాలిలో తేలే 2.5 మైక్రాన్ల లోపు సన్నని కణాలను, కొలవదు. నేల నుంచి వాతావరణం పైఅంచు దాకా ఉన్న ధూళి, పొగ కలిసి కాంతిని ఎంత అడ్డుకున్నాయో చెప్పే ఒక్క అంకె ఇస్తుంది. అదే ఏరోసాల్ ఆప్టికల్ డెప్త్, క్లుప్తంగా ఏఓడీ. మనం పీల్చేదేమో అట్టడుగు గాలిని. అసలు పని ఈ రెంటినీ ముడిపెట్టడమే.

మొదలుపెట్టడానికి నాసా వారి ఎంసీడీ19ఏ2 డేటా చాలు. టెర్రా, ఆక్వా ఉపగ్రహాల మీది మోడిస్ పరికరాల కొలతలు ఇందులో 1 కిలోమీటరు గళ్లుగా దొరుకుతాయి. 0.55 మైక్రాన్ల తరంగదైర్ఘ్యపు ఏఓడీ పొరను తీసుకోండి. −28672 ఉన్న గళ్లు ఖాళీవి. ముందు వాటిని తీసేసి, మిగతావాటిని 0.001తో గుణించండి. నాణ్యత పొరలో 8 నుంచి 11 వరకు బిట్లు నాలుగూ సున్నా అయిన గళ్లనే ఉంచుకోండి. ఒక రోజు ఫైల్లో పలు కక్ష్యలు ఉంటాయి, ఒక్కోదాని సమయం వేరు, కాబట్టి కలిపి సగటు చేయకండి.

తర్వాత నేల మీద పీఎం 2.5 కొలిచే స్టేషన్ చుట్టూ 3 కిలోమీటర్లలోని గళ్ల సగటు తీసి, ఉపగ్రహం దాటిన సమయానికి అటూ ఇటూ అరగంటలో స్టేషన్ చూపిన విలువతో జతచేయండి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: ఉపగ్రహ సమయం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో), స్టేషన్‌ది స్థానిక సమయంలో ఉంటుంది. మార్చుకోకపోతే మధ్యాహ్నపు ఏఓడీ పోయి ఉదయపు పొగమంచుతో జతపడుతుంది.

ఇక బౌండరీ లేయర్, అంటే నేలను ఆనుకుని గాలి బాగా కలిసే పొర, దాని ఎత్తు. ఏఓడీ 0.5 అనుకుందాం. ధూళంతా 2,000 మీటర్ల పొరలో కలిసి ఉన్నప్పటికంటే 500 మీటర్లలోనే ఇరుక్కున్నప్పుడు నేల మీద సాంద్రత సుమారు నాలుగింతలు. అందుకే ఏఓడీని ఈ ఎత్తుతో భాగించాలి. గంట గంటకూ విలువ ఈఆర్ఏ5 అనే వాతావరణ డేటాలో దొరుకుతుంది.

తేమ మరో చిక్కు. తడిగాలిలో కణాలు నీరు పీల్చి ఉబ్బి, కాంతిని ఎక్కువగా చెదరగొడతాయి. స్టేషన్ యంత్రాలు చాలావరకు గాలిని ఆరబెట్టి తూస్తాయి. సాపేక్ష ఆర్ద్రత 80 శాతం దాటిన రోజుల్లో సరిదిద్దని ఏఓడీని నమ్మొద్దు. ఈఆర్ఏ5లో ఉపరితల ఆర్ద్రత నేరుగా ఉండదు, 2 మీటర్ల ఎత్తులోని ఉష్ణోగ్రత, గాలిలోని తేమ నీరుగా మారే డ్యూ పాయింట్‌లతో లెక్కగట్టుకోవాలి.

ఏఓడీ, పొర ఎత్తు, తేమ మూడింటినీ పెట్టి, వాలు (ఏఓడీ పెరిగితే పీఎం 2.5 ఎంత పెరుగుతుందనేది) రోజురోజుకూ మారనిచ్చే మిక్స్‌డ్ ఎఫెక్ట్స్ మోడల్ వేయండి. ర్యాండమ్ ఫారెస్ట్ అనే మెషిన్ లెర్నింగ్ పద్ధతి కంటే ముందు ఇదే మేలు, తప్పెక్కడుందో కనిపిస్తుంది. పరీక్షకు కొన్ని స్టేషన్లను పూర్తిగా పక్కన పెట్టండి. డేటా వరుసలను యాదృచ్ఛికంగా విడదీస్తే అదే స్టేషన్ రెండు వైపులా చేరి, లేని కచ్చితత్వం చూపిస్తుంది.

ఎత్తున కొట్టుకొచ్చిన ఎడారి ధూళి వల్ల ఏఓడీ పెరిగినా నేల మీద గాలి బాగానే ఉండొచ్చు. దట్టమైన పొగను ఒక్కోసారి మేఘంగా లెక్కించి ఆ గడినే వదిలేస్తారు. అంటే అతి చెడ్డ రోజులే మాయమవుతాయి. ఏఓడీ దొరికిన రోజులతోనే నెలసరి సగటు వేయకండి. స్టేషన్ డేటాలో మొత్తం రోజుల సగటును ఆ రోజుల సగటుతో భాగించి, వచ్చిన నిష్పత్తితో గుణించండి.