జర్మనీలో అద్దె ఇంట్లో దిగాక మొదటి నెల పనులు

ఇల్లు దొరికి తాళాలు చేతికొచ్చాయంటే సగం గండం గట్టెక్కినట్టే, మిగతా సగం కాగితాలు, కిటికీలు. కిటికీల సంగతి తర్వాత చెప్తా.

తాళాలు తీసుకునేటప్పుడు ఓనర్ ఒక ఫారం ఇచ్చి సంతకం పెట్టమంటాడు, ఇల్లు ఏ కండిషన్‌లో అప్పజెప్పారో రాసే కాగితం అది. మొహమాటపడకుండా ప్రతి గీత, ప్రతి మరక అందులో రాయించండి, ఫోటోలు తీయండి, కరెంటు మీటర్ నంబరు, రీడింగు కూడా. అడ్వాన్స్ గరిష్ఠంగా మూడు నెలల కాల్ట్‌మీట, అంటే హీటింగూ నీళ్ళూ కలపని ఉత్త అద్దె, అంతకన్నా ఎక్కువ అడగకూడదు, అదీ మూడు నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది. వార్మ్‌మీట, అంటే ఖర్చులు కలిపిన అద్దెలో హీటింగు, నీళ్ళు, చెత్త లాంటివి వస్తాయి గానీ కరెంటు చాలావరకు రాదు. మీరు ఏ కంపెనీతో మాట్లాడకపోయినా లైట్లు వెలుగుతూనే ఉంటాయి కాబట్టి చాలామంది పట్టించుకోరు, ఆ ఏరియా డిఫాల్ట్ కంపెనీ రేటు పడుతూ ఉంటుంది, అది సాధారణంగా ఖరీదు. రెండు వారాల నోటీసుతో మారిపోవచ్చు.

ఇంకో షాక్ ఏంటంటే కిచెన్. చాలా ఇళ్ళల్లో కిచెన్ అంటే నాలుగు గోడలు, ఒక పైపు, అంతే, సింకు కూడా ఉండదు, సీలింగ్ నుంచి లైటు బదులు వైర్లు వేలాడుతుంటాయి. పాత టెనెంట్ తన కిచెన్ అమ్ముతానంటే వెళ్ళి స్టవ్ వెలిగించి చూశాకే డబ్బులివ్వండి.

దిగిన రోజే చేయాల్సిన పని, బెల్ మీదా పోస్ట్ డబ్బా మీదా మీ పేరు అతికించడం. ఇక్కడ చాలా బిల్డింగుల్లో ఫ్లాట్ నంబర్లుండవు, పోస్ట్‌మ్యాన్ పేరు చూసే వేస్తాడు, పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి. ట్యాక్స్ నంబరు, బ్యాంకు కార్డు, హెల్త్ కార్డు అన్నీ పోస్టులోనే వస్తాయి మరి. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్‌గా ఉన్నదే రాయండి, ఇన్నాళ్ళూ ఒక్క ఇనీషియల్‌గా బతికేసిన ఇంటిపేరు ఇక్కడ గుమ్మం ఎక్కుతుంది.

తర్వాత ఆన్‌మెల్డుంగ్, అడ్రస్ రిజిస్ట్రేషన్. దిగిన రెండు వారాల్లో చేయాలి, దానికి ఓనర్ సంతకం చేసిన ఫారం ఒకటి కావాలి, రెంట్ అగ్రిమెంట్ ఒక్కటే సరిపోదు. బెర్లిన్ లాంటి చోట అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం, ముందే బుక్ చేసి ఆ మెయిల్ దాచుకోండి. ఇది అయ్యాక రేడియో, టీవీ ఫీజు ఉత్తరం వస్తుంది, నెలకి 18.36 యూరోలు, ఇంట్లో టీవీ లేకపోయినా కట్టాల్సిందే, కాకపోతే ఇంటికి ఒక్కటే, రూమ్‌మేట్ ఆల్రెడీ కడుతుంటే ఆయన ఫీజు ఖాతా నంబరు రాసి పంపిస్తే చాలు.

ఇక కిటికీలు. మన వంట అంటే అన్నం, సాంబారు, కుక్కర్ విజిల్స్, పైగా చలికాలం బట్టలు కూడా లోపలే ఆరేస్తాం, ఆ తేమంతా బయటికి పోయే దారి లేక చల్లటి గోడ మీద చేరుతుంది, బీరువా జరిపి చూస్తే వెనకాల నల్లగా బూజు, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్‌లో కోత. అందుకని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి హీటర్ తగ్గించి కిటికీలు బార్లా తెరిచి ఐదు పది నిమిషాలుంచి మూసేయండి, చలేస్తుందని కిటికీ పైభాగం మాత్రం కొంచెం లోపలికి వంచి రోజంతా వదిలేస్తే గాలి సరిగా మారదు, గోడ చల్లబడి హీటింగ్ బిల్లు మాత్రం పెరుగుతుంది. బయటి గోడకి బీరువా ఆనించొద్దు, ఒక అరచేయి పట్టేంత సందు వదలండి. పోపు పెట్టేటప్పుడు కిచెన్ తలుపు మూసి కిటికీ తెరవండి, పొగ ఎక్కువైందని మెయిన్ డోర్ మాత్రం తీయకండి, ఎండుమిర్చి ఘాటు మెట్ల మీదుగా మూడో ఫ్లోర్ దాకా పోతుంది, అందరూ దగ్గుతారు.

మెయిన్ డోర్ అంటే గుర్తొచ్చింది, చాలా తలుపులకి బయట హ్యాండిల్ తిరగదు, చెత్త పడేయడానికి బయటికొస్తే గాలికి దబ్బున పడిపోతుంది, తాళం లోపలే. ఆదివారం రాత్రి తాళాలవాణ్ణి పిలిస్తే బిల్లు చూసి కళ్ళు తిరుగుతాయి, స్పేర్ తాళం దగ్గర్లో ఉన్న ఫ్రెండ్ దగ్గర పెట్టండి.

రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా, ఆదివారం రోజంతా చప్పుడు చేయకూడదు. ఆ టైంలో గోడకి డ్రిల్లింగ్ అస్సలు కుదరదు, ఇడ్లీ పిండి శనివారమే రుబ్బేసుకోండి, పాలూ పెరుగూ కూడా శనివారమే, ఆదివారం షాపులుండవు, పెద్ద రైల్వేస్టేషన్లలో మాత్రం కొన్ని తెరుస్తారు.

ఖాళీ చేయాలనుకుంటే మామూలుగా మూడు నెలల నోటీసు, ఈమెయిల్‌లో పంపితే చెల్లదు, సంతకం పెట్టిన కాగితం నెలలో మూడో వర్కింగ్ డే లోపు ఓనర్‌కి అందాలి, లేకపోతే ఇంకో నెల అద్దె పడుతుంది.