పెరటి ఆవిరి రైలు – 4వ పాఠం: ఇంజన్‌ను తొలిసారి వెలిగించడం

పోయిన పాఠంలో 32 మిల్లీమీటర్ల గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం)తో పట్టాలు పరిచి, ఎగుడుదిగుడులు లేకుండా లెవెల్ సరిచూసుకున్నాం. ఇప్పుడు ఇంజన్ సంగతి. మీ దగ్గరున్నది రాగి బాయిలర్‌తో, గ్యాస్‌తో నడిచే చిన్న ఇంజన్ అనుకుని చెబుతున్నాను. ఇంగ్లండ్‌లోని డాంకాస్టర్‌లో తయారయ్యే రౌండ్‌హౌస్ ఇంజన్లు ఈ తరహావే. స్పిరిట్‌తోనూ బొగ్గుతోనూ నడిచేవీ ఉన్నాయి. వాటి పద్ధతి వేరు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు గ్యాసే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే తేడా అనిపిస్తే ఒక్క వాల్వ్ కట్టేస్తే మంట ఆరిపోతుంది.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. డార్జిలింగ్ రైలు పట్టాల మధ్య దూరం రెండడుగులు, అంటే 610 మిల్లీమీటర్లు. దాన్ని 32కు తగ్గిస్తే దాదాపు 19వ వంతు. పొడవు 19వ వంతైతే ఉపరితలం 361వ వంతు, ఘనపరిమాణం ఏకంగా 6,859వ వంతు అవుతుంది. అంటే సిలిండర్‌లో పట్టే ఆవిరితో పోలిస్తే దానికి తగిలే లోహం అసలు ఇంజన్‌లో కన్నా 19 రెట్లు ఎక్కువ. అందుకే చిన్న ఇంజన్‌లో ఆవిరి ఇట్టే చల్లబడి నీరైపోతుంది. ఇంజన్‌ను కుదించగలం కానీ నీటినీ ఆవిరినీ కుదించలేం. ఈ పాఠంలో చెప్పే జాగ్రత్తల్లో చాలావరకు ఇక్కడి నుంచి వచ్చినవే.

నింపే వరుస: నూనె, నీళ్లు, చివర గ్యాస్. ఈ వరుస మార్చవద్దు.

ఇరుసులకు, కదిలే కడ్డీలకు కుట్టుమిషన్ నూనె లాంటి పల్చటి నూనె ఒక్కో చుక్క చాలు. సిలిండర్లకు మాత్రం అది పనికిరాదు. 40 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 40 పౌండ్లు) ఒత్తిడి దగ్గర ఆవిరి వేడి సుమారు 142 డిగ్రీల సెల్సియస్. ఆ వేడికి, ఆ తడికి పల్చటి నూనె కొట్టుకుపోతుంది. అందుకే స్టీమ్ ఆయిల్ అని తేనెలా చిక్కగా ఉండేది వాడతారు. దాన్ని పోయాల్సింది లూబ్రికేటర్ అనే చిన్న డబ్బాలో. ఇందులో పంపు లేదు, కదిలే భాగం ఒక్కటీ లేదు. ఆవిరి గొట్టం ఈ డబ్బా మీదుగా పోతుంది, అక్కడ సన్నని రంధ్రం ఉంటుంది. దానిలోంచి కొంచెం ఆవిరి లోపలికి చేరి, చల్లబడి నీరై అడుగుకు దిగుతుంది. దిగిన నీరు ఎంతో, అంత నూనె పైకి లేచి ఆవిరిలో కలిసి సిలిండర్లకు పోతుంది. ఈ హాబీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఏర్పాటు ఇదే. పరుగు ముగిశాక డబ్బాలో నీరు మిగిలిందంటే నూనె సరిగ్గా అందిందని అర్థం. ఆ నీటిని సిరంజితో లాగేసి, మళ్లీ నూనెతో నింపాలి.

నీళ్ల విషయంలో రాజీ పడకండి. మన బోరు నీళ్లు పోస్తే రాగి మీద తెల్లగా సున్నపు పొర కడుతుంది, సన్నని గొట్టాలు పూడిపోతాయి. డిస్టిల్డ్ వాటర్ వాడండి. బాయిలర్ నిండా పోసి, సిరంజితో సుమారు 30 మిల్లీలీటర్లు వెనక్కి తీయండి. ఆవిరి నిలవడానికి ఆ ఖాళీ కావాలి. ఇంజన్‌తో వచ్చిన పుస్తకంలో వేరే కొలత ఉంటే దాన్నే పాటించండి. నీటిమట్టం చూపే గాజు గొట్టాన్ని పూర్తిగా నమ్మవద్దు. అంత సన్నని గొట్టంలో నీరు గోడలకు అంటుకుని, బుడగలు చిక్కుకుని తప్పు మట్టం చూపిస్తుంది.

గ్యాస్ నింపేటప్పుడు దగ్గర్లో నిప్పు ఉండకూడదు. ఆరుబయటే నింపండి. క్యాన్‌ను తలకిందులుగా పట్టి వాల్వ్ మీద నొక్కితే ద్రవం లోపలికి దిగుతుంది. నిండగానే పక్కల నుంచి చిమ్ముతుంది, అక్కడ ఆపేయాలి. చిమ్మిన గ్యాస్ గాలిలో కలిసిపోయేదాకా కాసేపు ఆగండి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం దాదాపు మానేస్తుంది కాబట్టి చలిదేశాల వాళ్లు ప్రొపేన్ కలిపినది వాడతారు. మన ఎండలకు ఉత్త బ్యూటేన్ చాలు. క్యాన్‌ను మాత్రం నీడలో ఉంచండి.

ఇక వెలిగించడం. లైటర్ మంటను పొగగొట్టం పైన పట్టుకుని గ్యాస్ వాల్వ్ కొద్దిగా తిప్పండి. ‘టప్’మని మంట వెనక్కి దూకి బాయిలర్ లోపలి బర్నర్ మీద నిలుస్తుంది. ముఖం పొగగొట్టం మీదికి వంచవద్దు, పిల్లల్నీ వంగనివ్వవద్దు. మంట బర్నర్ దాకా రాకుండా ముందువైపే నిలిచిపోతే గ్యాస్ కట్టేసి, కాస్త ఆగి మళ్లీ ప్రయత్నించండి. ఈల వేసినట్టు అరిస్తే గ్యాస్ తగ్గించండి. సన్నని బుసలాంటి శబ్దం సరైనది.

కొన్ని నిమిషాల్లో ఆవిరి ఒత్తిడి చూపే గేజ్ ముల్లు కదులుతుంది, ఒత్తిడి హద్దుకు రాగానే సేఫ్టీ వాల్వ్ దానంతటదే తెరుచుకుంటుంది. ఆ చప్పుడుకు టెన్షన్ పడక్కర్లేదు, అది తన పని చేస్తోంది. అది తెరుచుకోకుండా ముల్లు హద్దు దాటిపోతే వెంటనే గ్యాస్ ఆపేయండి. దాన్ని సరిచేసేదాకా ఆ ఇంజన్ మళ్లీ వెలిగించకూడదు.

ఇప్పుడు రెగ్యులేటర్ (సిలిండర్లకు ఆవిరి వదిలే వాల్వ్) తెరిస్తే ఇంజన్ పరుగెత్తదు. సిలిండర్లు ఇంకా చల్లగా ఉన్నాయి, వచ్చిన ఆవిరంతా నీరవుతోంది. నీరు నొక్కితే నలగదు కాబట్టి పిస్టన్ ఇరుక్కుంటుంది. చేతికి గ్లవ్ వేసుకుని, రెగ్యులేటర్ కొంచెమే తెరిచి, ఇంజన్‌ను పట్టాల మీద ముందుకూ వెనక్కూ నెమ్మదిగా తోయండి, నెట్టే వైపుకే రివర్సర్ లివర్ (ఇంజన్ ముందుకు పోవాలా వెనక్కి పోవాలా అన్నది మార్చే కడ్డీ) మారుస్తూ. పొగగొట్టం నుంచి వేడినీళ్లు, నూనె చిందుతాయి. కాసేపటికి చక్రాలు మీ చేతిని దాటి వాటంతట అవే తిరుగుతాయి. అప్పుడు వదలండి.

తొలి పరుగులో పెట్టెలు తగిలించకండి. గ్యాస్ ట్యాంకును బాయిలర్ కన్నా ముందే ఖాళీ అయ్యేంత కొలతలో చేస్తారు. నీళ్లున్నంతసేపు బాయిలర్ రాగి ఆవిరి వేడిని పెద్దగా మించదు, నీళ్లు అయిపోయాక మంట మండితే బాయిలర్ పాడవుతుంది. అందుకే నీళ్లు నింపకుండా మధ్యలో గ్యాస్ మాత్రమే నింపడం అన్నిటికన్నా ప్రమాదం.

మంట ఆరాక గేజ్ సున్నాకు వచ్చేదాకా ఏ మూతా విప్పకండి. సున్నాకు వచ్చాక మాత్రం నీళ్లు పోసే మూత వదులు చేయండి. లేకపోతే చల్లబడే బాయిలర్‌లో శూన్యం ఏర్పడి, అది లూబ్రికేటర్‌లోని నూనెను బాయిలర్ లోపలికి లాగేస్తుంది.

వచ్చే పాఠంలోపు మూడు కొలతలు రాసిపెట్టుకోండి: వెలిగించినప్పటి నుంచి సేఫ్టీ వాల్వ్ తెరుచుకోవడానికి పట్టిన సమయం, గ్యాస్ అయిపోవడానికి పట్టిన సమయం, పూర్తిగా చల్లారాక సిరంజితో తీసి చూస్తే బాయిలర్‌లో మిగిలిన నీళ్లు. ఎన్ని పెట్టెలు లాగించవచ్చో 5వ పాఠంలో వీటితోనే లెక్క కడతాం.