హెపటైటిస్ సి పాజిటివ్ వచ్చిందా? ముందు ఇది చదవండి

రిపోర్ట్‌లో యాంటీ హెచ్‌సీవీ (లివర్‌ని పాడుచేసే హెపటైటిస్ సి వైరస్‌, అంటే హెచ్‌సీవీకి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీల టెస్ట్) పాజిటివ్ అని కనపడగానే చాలామందికి కాళ్ళూ చేతులూ ఆడవు, కానీ ఆ ఒక్క కాగితం చూసి జబ్బు ఉందని తేల్చెయ్యలేం. ఎప్పుడో ఒకప్పుడు ఆ వైరస్ ఒంట్లోకి వచ్చిందని మాత్రమే అది చెప్తుంది. వచ్చినవాళ్ళలో నూటికి ఓ 30 మందికి ఆరు నెలల్లోపు దానంతటదే పోతుంది, మిగతావాళ్ళలో తిష్ట వేస్తుంది, దాన్నే క్రానిక్ అంటారు. కాబట్టి మొదట చేయించాల్సింది హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ టెస్ట్, అదే వైరల్ లోడ్, అంటే రక్తంలో ఇప్పుడు వైరస్ ఎంత ఉందో చూసేది. అందులో వైరస్ కనిపిస్తేనే మందులు.

నాకు బాగానే ఉంది కదా, తర్వాత చూద్దాంలే అనుకోవద్దు. ఏళ్ళ తరబడి ఏ లక్షణమూ లేకుండా లివర్‌ని లోపల్లోపల పాడుచేస్తుంది ఇది, 20 ఏళ్ళు తిరిగేసరికి నూటికి 15 నుంచి 30 మందికి సిర్రోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడిపోవడం) దాకా పోతుంది.

మందుల విషయానికొస్తే పాత భయాలు పక్కన పెట్టేయండి. ఒకప్పుడు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు, కొందరికి 48 వారాలు, జ్వరం, నీరసం, డిప్రెషన్, అంతా చేసి చాలామందికి తగ్గేది కూడా కాదు. ఇప్పుడు నోటి మాత్రలే. సోఫోస్‌బువిర్ వెల్పటాస్‌విర్ గానీ సోఫోస్‌బువిర్ డక్లాటాస్‌విర్ గానీ మామూలుగా 12 వారాలు, గ్లెకాప్రెవిర్ పిబ్రెంటాస్‌విర్ అయితే చాలామందికి 8 వారాలు చాలు, నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. ఏది, ఎన్నాళ్ళు అనేది లివర్ ఎంత దెబ్బతిందో చూసి డాక్టర్ చెప్తారు, దానికి ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో చూసే స్కాన్) లేదా కొన్ని రక్తపరీక్షలు చేయిస్తారు.

మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి టెస్ట్ కచ్చితంగా చేయించుకోండి, ఎందుకంటే అది కూడా ఉంటే సి తగ్గే టైమ్‌లో బి ఒక్కసారిగా పైకి లేవచ్చు. రెండోది, మీరు వాడే ప్రతి మాత్ర డాక్టర్‌కి చెప్పండి, గ్యాస్ మాత్ర కూడా. ఒమెప్రజోల్ లాంటివి వెల్పటాస్‌విర్‌ని సరిగ్గా ఒంటికి పట్టనివ్వవు, టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి వాడే ఫెనిటోయిన్, కార్బమాజెపైన్ వాడుతుంటే ఈ మందులు పనిచెయ్యకుండా పోతాయి, గుండెకి అమియోడరోన్ వేసుకునేవాళ్ళకి సోఫోస్‌బువిర్‌తో హార్ట్ రేట్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. ప్రెగ్నెన్సీ ఉన్నా, ప్లాన్ చేస్తున్నా అదీ చెప్పండి. మద్యం అలవాటుంటే ఆపెయ్యండి, లివర్ టానిక్ అని ఎవరో ఇచ్చిన పసర్ల జోలికీ పోకండి.

నెల తిరిగేసరికి వైరస్ కనపడట్లేదని వస్తే అక్కడితో మాత్రలు ఆపెయ్యకండి, కోర్సు మొత్తం వాడాల్సిందే. అసలు రిజల్ట్ కోర్సు అయిపోయిన 12 వారాల తర్వాత చేసే ఆర్‌ఎన్‌ఏ టెస్ట్, చాలామంది ఎగ్గొట్టేది కూడా దాన్నే! అప్పుడూ వైరస్ లేకపోతే నయమైనట్టు. సిర్రోసిస్ వచ్చేసినవాళ్ళు మాత్రం నయమయ్యాక కూడా ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించుకుంటూనే ఉండాలి, లివర్ క్యాన్సర్ రిస్క్ తగ్గుతుంది గానీ పోదు.

దీనికి వ్యాక్సిన్ లేదు, ఏ, బి రకాలకి మాత్రం ఉంది, అవి వేయించుకోండి. సి వచ్చేది రక్తం ద్వారా. ఒకరు వాడిన సూది, సిరంజి, రేజర్, నెయిల్ కట్టర్, టూత్ బ్రష్ ఇంకొకరు వాడొద్దు, పచ్చబొట్టు వేయించుకుంటే కొత్త సూది కళ్ళముందే విప్పమనండి. సెక్స్ ద్వారా రావడం తక్కువే గానీ రక్తం కారే అవకాశం ఉన్నచోట కండోమ్ వాడండి. కలిసి తినడం, కౌగిలించుకోవడం, దగ్గు, వీటితో రాదు, కాబట్టి ఇంట్లో పేషెంట్‌కి వేరే కంచం, వేరే గ్లాసు పెట్టి బాధపెట్టకండి. తల్లి పాలతోనూ రాదు, చనుమొనలు పగిలి రక్తం వస్తుంటే మాత్రం తగ్గేదాకా ఆపాలి.

ఒకసారి నయమైతే మళ్ళీ రాదనుకుంటారు, వస్తుంది. అప్పుడు యాంటీబాడీ టెస్ట్ పనికిరాదు, అది నయమైనా ఏళ్ళ తరబడి పాజిటివ్‌గానే ఉంటుంది, మళ్ళీ ఆర్‌ఎన్‌ఏ చేయించాల్సిందే.